‘అయిపోయిందన్నా’ అని చెప్పేశా

ఆ రోజు నా ఒంటి మీద పట్టుచీర, భుజానికి లాప్‌టాప్ బ్యాగు. 2014 ఏప్రిల్ 8, శ్రీరామనవమి. దుమ్ముగూడెం రోడ్డులో ఉన్న మా ఊరి నుంచి తెల్లారకముందే ఆటోలో భద్రాచలం వచ్చినా, మిథిలా స్టేడియంలో మాకు దొరికింది ఎక్కడో వెనకాల చోటు. ‘‘దేవుడి పెళ్లిక్కూడా ఆ సంచేనా?’’ అని అమ్మ అప్పటికే నాలుగుసార్లు అంది. ఆన్‌కాల్ అంటే ఏంటో చెప్పీ చెప్పీ నేనూ విసిగిపోయి ఊరుకున్నా.

అప్పటికి నాకు ఉద్యోగం వచ్చి ఎనిమిది నెలలు. మాదాపూర్‌లో ఒక చిన్న హోస్టింగ్ కంపెనీ. చిన్నచిన్న వ్యాపారాల వెబ్‌సైట్లు, మెయిళ్లు మా సర్వర్ల మీద నడిచేవి. మొత్తం పంతొమ్మిది సర్వర్లు. వాటిని చూసుకునేది నేనూ, మా సీనియర్ అన్నా. ఇద్దరమే.

పది దాటాక ఆయన దగ్గర్నుంచి ఎస్సెమ్మెస్. ‘హార్ట్‌బ్లీడ్. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్. ఎక్కడున్నా లాప్‌టాప్ తెరువు.’ కాల్ చేస్తే కలవదు. అంత జనం ఒకేచోట ఉంటే సిగ్నల్ ఎక్కడుంటుంది! డేటా కార్డు గుచ్చి చూశా. లైటు ఎర్రగా మిణుకుమిణుకుమంటోంది తప్ప పచ్చబడదు. పిన్నిని పక్కన కూర్చోబెట్టి, ‘‘గంటలో వస్తా’’ అని అమ్మకు చెప్పి లేచా. అమ్మ నా వైపు చూడను కూడా చూడలేదు.

జనానికి ఎదురీదుతూ గోదారి బ్రిడ్జి దాటి సారపాక వైపు నడిచా. ఎండాకాలం గోదారి, నీళ్ల కన్నా ఇసుకే ఎక్కువ. అవతల ఒక టిఫిన్ హోటల్లో ప్లగ్గు కనిపించింది. డేటా కార్డు పచ్చబడింది. హోటలాయన టీవీలో కల్యాణం లైవ్ పెట్టుకుని కూర్చున్నాడు. నేను అంత దూరం నడిచి వచ్చింది దాన్ని వదిలేసి కదా, నవ్వొచ్చింది.

అసలు జరిగింది ఏంటంటే... బ్యాంకు సైటు తెరిచినా, మెయిల్ చూసినా పక్కన చిన్న తాళం గుర్తు ఉండేది కదా. ఆ తాళం వెనక పనిచేసే కోడ్‌ని ప్రతి కంపెనీ సొంతంగా రాసుకోదు. ఎవరో రాసిపెట్టిన లైబ్రరీని తెచ్చి వాడుకుంటుంది. అందులో ఎక్కువమంది వాడేది ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్. ఫ్రీ. దానిలో అప్పట్లో ‘హార్ట్‌బీట్’ అని ఒక చిన్న సౌకర్యం ఉండేది. ‘నువ్వింకా లైన్లో ఉన్నావా?’ అని ఒక మెషీన్ ఏదో ఒక మాట పంపిస్తే, అవతలిది అదే మాట తిరిగి పంపాలి. మాటతో పాటు దాని పొడవెంతో కూడా చెప్పాలి. తప్పు అక్కడే. చెప్పిన పొడవు నిజమో కాదో ఎవరూ చూడట్లేదు. ఒక్క అక్షరం పంపి ‘ఇది 64 వేల అక్షరాలు, తిరిగివ్వు’ అంటే, సర్వర్ ఆ ఒక్కటీ ఇచ్చి, మిగతాది తన మెమరీలో ఆ పక్కన ఏముంటే అది తీసి ఇచ్చేసేది. పాస్‌వర్డులు, మెయిళ్లు, ఒక్కోసారి అసలు తాళం చెవే.

ఈ కోడ్ లైబ్రరీలో చేరింది 2011 డిసెంబర్ 31 రాత్రి. రాసింది రాబిన్ సెగెల్‌మాన్ అనే జర్మన్ డెవలపర్. చెక్ చేసిన ఇంకొకాయనకూ తప్పు కనపడలేదు. 2012 మార్చిలో 1.0.1 వెర్షన్‌తో లోకం మీదికి వచ్చింది. రెండేళ్ల తర్వాత గూగుల్‌లో పనిచేసే నీల్ మెహతా, విడిగా ఫిన్లాండ్‌కి చెందిన కోడెనోమికాన్ వాళ్లు దాన్ని పట్టుకున్నారు. అప్పటికి దాదాపు ఐదు లక్షల సెక్యూర్ సైట్లు ఈ లోపంతో ఉన్నాయని నెట్‌క్రాఫ్ట్ లెక్క. ఇంత లోకం వాడే ఆ లైబ్రరీకి ఫుల్‌టైమ్ పనిచేసేది ఒక్కడే, ఏడాదికి వచ్చే విరాళాలు సుమారు 2000 డాలర్లు! అది చదివినప్పుడు కోపం ఎవరి మీద తెచ్చుకోవాలో అర్థం కాలేదు. మా కంపెనీ కూడా పైసా ఇవ్వలేదుగా.

పరిష్కారం మాత్రం చాలా చిన్నది. ‘చెప్పిన పొడవు, నిజంగా వచ్చిన దానికంటే ఎక్కువైతే మాట్లాడకుండా పారెయ్’. కోడ్‌లో అసలు విషయం ఇంతే. దాంతోనే ఏప్రిల్ 7న 1.0.1జి వెర్షన్ వచ్చింది.

నా వాటాకి పదకొండు సర్వర్లు. మొదటి దాంట్లో అప్‌డేట్ కొట్టా. నెట్ నత్తలా పాకుతోంది. ‘కంప్లీట్’ అని వచ్చింది. వెర్షన్ చూస్తే గుండె జారింది. ఇంకా 1.0.1ఇ అనే ఉంది! మళ్లీ కొట్టా, అదే. ఎస్సెమ్మెస్‌లో అన్నను అడిగితే తేలింది. మేం వాడే సెంటోస్‌లో వెర్షన్ పేరు మార్చరు, పాత పేరు మీదే మందు పూసి పంపిస్తారు. చివర్లో ఉండే రిలీజ్ నంబర్ చూడాలి. ఎనిమిది నెలల అనుభవానికి అది తెలియకపోవడం తప్పేం కాదు, కానీ ఆ పావుగంటలో నాకు పట్టిన చెమట ఎండ వల్ల కాదు.

ఆ తర్వాత ఆయన ఇంకో మెసేజ్ పెట్టాడు. ‘రీస్టార్ట్ మర్చిపోకు.’ ఇది కాస్త జాగ్రత్తగా చదవండి, నా కథంతా ఇక్కడే ఉంది. డిస్క్ మీద లైబ్రరీ మారినంత మాత్రాన సరిపోదు. అప్పటికే నడుస్తున్న ప్రోగ్రామ్ పాత కాపీని మెమరీలో పెట్టుకుని ఉంటుంది. దాన్ని ఆపి మళ్లీ మొదలుపెడితేనే కొత్తది ఎక్కుతుంది. మీ ఫోన్ సెక్యూరిటీ అప్‌డేట్ అయ్యాక ‘రీస్టార్ట్ నౌ’ అని అడిగితే ‘లేటర్’ నొక్కుతారు చూడండి... సరే, నేనూ నొక్కుతాను.

ఒక్కో సర్వర్‌లో అప్‌డేట్ కొట్టి, వెబ్‌సర్వర్‌ని రీస్టార్ట్ చేసి, అప్పటికే వచ్చేసిన ఒక టెస్ట్ పేజీలో చూసుకుంటూ పోయా. పచ్చగా చూపిస్తే తర్వాతిది. టీవీలో జీలకర్ర బెల్లం అయింది. మాంగల్యధారణ అయింది. హోటలాయన లేచి దండం పెట్టుకున్నాడు. నేను తొమ్మిదో సర్వర్ దగ్గరున్నా. పదకొండూ పచ్చబడ్డాక అన్నకు ఫోన్ కలిసింది. ‘‘అయిపోయిందన్నా’’ అని చెప్పేశా. ‘‘అన్నీ?’’ అన్నాడు. ‘‘అన్నీ’’ అన్నా.

సాయంత్రం ఇంటికెళ్లాక అమ్మ కోపం కాస్త తగ్గింది. ‘‘అంత ఏం మునిగిపోయిందే?’’ అని అడిగింది. ఎలా చెప్పాలా అని ఆలోచిస్తే తునికాకు గుర్తొచ్చింది. ఇంకో రెండు మూడు వారాల్లో సీజన్. మాకది ఏటా వచ్చే పని. అడవిలో ఆకు కోసి, 50 ఆకులకో కట్ట కట్టి, కల్లం దగ్గర కల్లేదారుకు అప్పజెప్పాలి. ఆయన లెక్కపెట్టి రాసుకుంటాడు.

‘‘అమ్మా, ఒకడు కల్లానికి ఒక్క కట్ట తెచ్చాడనుకో. వెయ్యి కట్టలు తెచ్చా, నావి నాకిచ్చెయ్ అన్నాడు. కల్లేదారు లెక్క చూసుకోలేదు. వాడిది ఒకటిచ్చి, పక్కనోళ్లవి 999 ఎత్తిచ్చాడు. అదీ సంగతి.’’

‘‘లెక్కపెట్టకుండా ఇచ్చిండా?’’

‘‘ఆఁ.’’

‘‘రెండేండ్లా?’’

‘‘రెండేళ్లు.’’

‘‘మా కల్లేదారైతే కొసరు కట్ట కూడా వదలడు. మీ కంప్యూటరోళ్లు ఏం సదువుకున్నరే!’’ అంది. నేను ఆ తర్వాత ఎన్నో వివరణలు చదివా. ఇంత సూటిగా ఎవరూ తిట్టలేదు. పడుకునేముందు చిన్న కాగితం పొట్లం ఇచ్చింది. తలంబ్రాలు. పిన్ని ఎవరినో బతిమాలి తెచ్చిందట. లాప్‌టాప్ బ్యాగు లోపలి జేబులో పెట్టుకున్నా.

హైదరాబాద్ వచ్చాక అసలు చాకిరీ మొదలైంది. ఏప్రిల్ 11న క్లౌడ్‌ఫ్లేర్ కంపెనీ ఒక సర్వర్ పెట్టి, దీన్లోంచి తాళం చెవి దొంగిలించగలరేమో చూడండి అని సవాలు విసిరింది. అదే రోజు కొట్టేశారు. అంటే రంధ్రం పూడిస్తే చాలదు, అంతకు ముందే ఎవరైనా చెవి పట్టుకుపోయి ఉండొచ్చు. కాబట్టి కొత్త తాళం చెవులు చేయాలి, కొత్త సర్టిఫికెట్లు తేవాలి, పాతవి రద్దు చేయించాలి, కస్టమర్ల చేత పాస్‌వర్డులు మార్పించాలి. ఆ వారమంతా ఇదే పని.

ఏప్రిల్ 17 రాత్రి షిఫ్టులో, ఒక సర్వర్‌లో వేరే ఏదో వెతుకుతూ ఎల్‌ఎస్‌ఓఎఫ్ అనే కమాండ్ కొట్టా. డిస్క్ మీద లేకుండా పోయినా ఇంకా ఎవరెవరు వాడుతున్నారో అది చెబుతుంది. మెయిల్ నడిపే సర్వీస్ ఎదురుగా పాత ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ పేరు, పక్కన ‘డిలీటెడ్’ అని.

నవమి రోజు నేను వెబ్‌సర్వర్‌ని రీస్టార్ట్ చేశా. మెయిల్‌ని చేయలేదు. నేను టెస్ట్ చేసింది కూడా 443 పోర్టు, అంటే వెబ్‌సైట్ తలుపు ఒక్కటే. పచ్చగా కనిపించింది ఆ తలుపు. మెయిల్ తలుపు తొమ్మిది రోజులుగా బార్లా తెరిచే ఉంది, అదీ లోకమంతటికీ ఈ లోపం తెలిసిపోయాక. ఇంకా ఘోరం, ఈ తొమ్మిది రోజుల్లోనే కస్టమర్లు మా మాట విని కొత్త పాస్‌వర్డులు పెట్టుకున్నారు. అవీ ఆ తలుపు లోంచే వెళ్లాయి.

వెంటనే రీస్టార్ట్ చేశా. రెండు సెకన్లు పట్టింది.

అప్పుడు కూర్చుని ఆలోచించా. ఈ లోపంలో ఒక విచిత్రం ఉంది. ఎవరైనా వాడుకుని వెళ్లినా మామూలు లాగ్‌లలో ఏ గుర్తూ మిగలదు. మెయిళ్లు ఎవరైనా చదివారా? చెప్పలేం. ఎవరూ రాలేదా? అదీ చెప్పలేం. కాబట్టి నేను నోరు మూసుకుంటే ఈ తొమ్మిది రోజుల సంగతి నాకు తప్ప ఎవరికీ, ఎప్పటికీ తెలియదు. రీస్టార్ట్ అయిపోయింది, ఇప్పుడు ఏ టెస్ట్ పెట్టినా పచ్చే. అప్రైజల్ నెలన్నరలో. ఆ సర్వర్ మీద ఒక కోచింగ్ సెంటర్, రెండు మందుల షాపులు, ఒక ట్రావెల్స్. వాళ్లకి హార్ట్‌బ్లీడ్ అంటే ఏంటో కూడా తెలీదు.

నేను ఆ రాత్రే చెప్పలేదు. ధైర్యంగా ఫోన్ తీసి చెప్పేశా అని రాసుకుంటే బావుండేది. నాలుగు గంటలు కూర్చుని, మూడు టీలు తాగి, మిగతా పది సర్వర్లూ ఒక్కోటి చూసుకుని, తెల్లారాక అన్న వచ్చాక చెప్పా. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ‘‘నేను ‘రీస్టార్ట్’ అన్నా గానీ, ఏది రీస్టార్ట్ చెయ్యాలో చెప్పలేదు తల్లీ’’ అన్నాడు. అంటూనే తన ఎనిమిది సర్వర్లలో అదే కమాండ్ కొట్టుకున్నాడు. ఒకదాంట్లో ఉంది.

కస్టమర్లకు మెయిల్ నేనే రాశా. పాస్‌వర్డులు మళ్లీ మార్చమని, ఎందుకో కూడా. మేనేజర్ ‘ఎందుకో’ అన్న పేరా కొట్టేయమన్నాడు. అన్న వద్దన్నాడు. ఉంచాం. ట్రావెల్స్ వాళ్లు రెండు వారాల్లో వేరే చోటికి మారిపోయారు. నాకు ఆ ఏడు ఇంక్రిమెంట్ పడలేదు. కారణం ఇదేనని ఎవరూ అనలేదు లెండి.

ఏప్రిల్ నెలాఖరుకి లినక్స్ ఫౌండేషన్, పెద్ద కంపెనీలను కలుపుకుని, ఇలాంటి లైబ్రరీలకు డబ్బు పెట్టే ఏర్పాటు ఒకటి మొదలుపెట్టింది. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ పరిస్థితి మారింది. మిగతావి? 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే ఇంకో లైబ్రరీలో ఎవరో కావాలనే దొంగ తలుపు పెట్టారు. లాగిన్ అర సెకను లేటవుతోందేంటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీర్ తవ్వితే బయటపడింది. దాన్నీ చాలాకాలం ఒక్కడే ఊరికే చూసుకుంటూ వచ్చాడు. ఆ రాత్రి నా సర్వర్లలో వెతికి, ఆ వెర్షన్ లేదని తేలాక కూడా ఎల్‌ఎస్‌ఓఎఫ్ కొట్టి మరీ పడుకున్నా. అవసరం లేదని తెలుసు.

మొన్న తునికాకు సీజన్‌లో ఊరెళ్లా. అమ్మ కట్టలు కడుతోంది, నేను పక్కన కూర్చుని ఆకులు సర్దుతున్నా. ఏ లోకంలో ఉందో, ఉన్నట్టుండి అడిగింది.

‘‘ఆ తొమ్మిది రోజుల్లో ఎవరన్నా ఎత్తుకపోయిండ్రా?’’

‘‘తెలీదమ్మా.’’

‘‘ఇంకా తెల్వదా?’’

‘‘ఇంకెప్పటికీ తెలీదు.’’

అమ్మ ఇంకేమీ అడగలేదు. చేతిలో కట్టను విప్పి, ఆకులు మళ్లీ మొదట్నుంచీ లెక్కపెట్టుకుంది.