పన్నెండు చీటీలు

ఇందులో ఎవరి పేర్లూ రాయడం లేదు. ఎవరి గురించో మన డిపార్ట్‌మెంట్‌లో అందరికీ తెలుసు. తప్పు చేసింది మాత్రం నేనే.

ఈ ఏడు తెలుగు వాఙ్మయ మండలి కార్యదర్శి ఎన్నికకి కొత్త పద్ధతి పెట్టారు కదా. ముందు ఒక్కో క్లాసు తన అభ్యర్థిని ఎన్నుకోవాలి. ఆ తర్వాత ఆ అభ్యర్థుల మధ్య అసలు ఎన్నిక. అమెరికాలో పార్టీలు కూడా ఇలాగే ముందు తమలో తాము ఓట్లు వేసుకుని అభ్యర్థిని తేల్చుకుంటాయట, దాన్ని ప్రైమరీ అంటారట. మన దేశంలో టికెట్ ఎవరికో ఢిల్లీలోనో ముంబైలోనో తేలుతుంది కాబట్టి మాకు ఈ ముచ్చట కొత్త.

సెకండియర్‌లో నలభై ముగ్గురం. ఇద్దరు నిలబడ్డారు. ఒకరు నా స్నేహితురాలు. మాది దాజీ పేట, వాళ్ల ఇల్లు మా వెనక గల్లీలోనే. చిన్నప్పట్నుంచి ఒకే సాంచాల చప్పుడు విని పెరిగినవాళ్లం. రెండో అమ్మాయి విడి ఘర్కుల్ నుంచి బస్సులో వస్తుంది. పొద్దున అమ్మతో కూర్చుని బీడీలు చుట్టి వస్తుంది. క్లాసులో ఎక్కువ మాట్లాడదు. నేను నా స్నేహితురాలి తరఫున ప్రచారం చేశాను. ప్రచారం అంటే ఏముంది, క్యాంటీన్‌లో వడాపావ్ తినిపించడం, వాట్సాప్‌లో బతిమాలడం.

ఆఖరి పీరియడ్ అయ్యాక ఓటింగ్. "బస్సుకు వెళ్లేవాళ్లు ముందు వేసేయండి" అన్నారు మేడం. వాళ్లు గబగబా చీటీలు వేసి పరిగెత్తారు. దగ్గర్లో ఉండేవాళ్లం మెల్లగా, ఫొటోలు దిగుతూ వేశాం. ఒక మిఠాయి డబ్బా మూతకి కోత పెట్టి పెట్టారు. దాంట్లో చీటీ మీద చీటీ పడింది. ఘర్కుల్ అమ్మాయి మాత్రం తన బస్సు వదులుకుని లెక్కింపు కోసం ఉండిపోయింది. ఆమె తరఫువాళ్లు ఒక్కరూ గదిలో లేరు. కిటికీ దగ్గర నిలబడింది.

మేడం మూత తీసి పైనుంచి ఒక్కో చీటీ విప్పారు. నేను బోర్డు మీద గీతలు గీశాను. పన్నెండు చీటీలయ్యేసరికి పది మావి, రెండు ఆమెవి.

ఇక్కడే నేను రెండు పనులు చేశాను. చాక్‌పీసు పక్కమ్మాయికి ఇచ్చి, ఫోన్‌లో నా స్నేహితురాలి ఫొటో పెట్టి, మన చౌకుల్లో కట్టే బ్యానర్లలాగా పైన "హార్దిక్ అభినందన్" అని రాసి స్టేటస్ పెట్టేశాను. తర్వాత కిటికీ దగ్గరికి వెళ్లి ఆ అమ్మాయి భుజం మీద చెయ్యేసి, "ఏం బాధపడకు, వచ్చే ఏడు చూద్దాంలే" అన్నాను. నిజం చెప్పాలంటే, అలా అన్నందుకు నేను చాలా మంచిదాన్ని అనుకున్నాను కూడా. ఆమె తల ఊపింది.

ముప్పై చీటీలప్పుడు పద్దెనిమిది, పన్నెండు. ఇంకా మేమే ముందు. మిగిలినవి పదమూడు. అవి డబ్బా అడుగున ఉన్నవి. అంటే అందరికంటే ముందు వేసి వెళ్లిపోయిన బస్సు అమ్మాయిలవి. అందులో పది ఆమెవి, మూడు మావి. ఇరవై రెండు, ఇరవై ఒకటి. ఒక్క ఓటు.

గదిలో ఎవరూ మాట్లాడలేదు. నేను ఫోన్ తీసి స్టేటస్ డిలీట్ చేసేలోపు అరవైమూడు మంది చూసేశారు. అందులో నా స్నేహితురాలి వదిన కూడా ఉంది. ఆమె ఇంట్లో చెప్పింది, వాళ్ల నాన్న సాంచాల దగ్గర చెప్పాడు. ఆ సాయంత్రమంతా వాళ్లింటికి ఫోన్లే. ప్రతి ఒక్కరికీ "కాదు మామా, నేను గెలవలేదు" అని అది స్వయంగా చెప్పుకోవాల్సొచ్చింది. ఒక్క ఓటుతో ఓడిపోవడం దానికి పెద్ద బాధేం కాదు. ఓడిపోయానని ఇరవైసార్లు చెప్పడం బాధ. ఆ ఇరవైసార్లూ నా వల్లే.

మా ఇంట్లో రెండు భాషలు. నాన్నా నాయనమ్మా తెలుగు, ఆయి మరాఠీ. ఇద్దరి దగ్గరా నాకు తిట్లు పడ్డాయి. నాయనమ్మ ముప్పై ఏళ్లు బీడీలు చుట్టింది. "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం" అని నవ్వి, తర్వాత అంది: "పిల్లా, ఇంట్ల చుట్టినప్పుడు అందరివీ వెయ్యే. కార్ఖానాల చెకర్ చూసి తీసేసేటియి తీసేస్తడు. గప్పుడు ఎన్ని ఉంటయో గవే మన బీడీలు. నేనైతే పైసలు చేతికొచ్చేదాకా ఎవ్వరికీ చెప్పకపోయేదాన్ని."

ఆయి మాత్రం 2024 జూన్ 4ని గుర్తు చేసింది. ఆ రోజు మా ఇంట్లో సోలాపూర్ సీటు గురించి ఒక గొడవైతే, గోరేగావ్‌లో ఉండే మామ ఫోన్‌లో ఇంకో గొడవ. ఆయనది ముంబై వాయవ్య నియోజకవర్గం. అక్కడ అమోల్ కీర్తికర్, రవీంద్ర వాయ్‌కర్ ఇద్దరికీ కలిపి తొమ్మిది లక్షలకు పైగా ఓట్లు వచ్చాయి. మెషీన్ల ఓట్లు మాత్రమే చూస్తే కీర్తికర్ ఒక్క ఓటు ముందు. పోస్టల్ ఓట్లు కలిపితే వాయ్‌కర్ 48 ఓట్లతో గెలిచాడు. మామ ఆ రోజు పెడాలు తెచ్చి, ఏ పార్టీ పేరుమీద పంచాలో తెలియక ఇంట్లోవాళ్లే తిన్నారట. మన సోలాపూర్‌లో ప్రణీతి శిందే 74 వేల పైచిలుకు తేడాతో గెలిచింది కాబట్టి ఆ తలనొప్పి మనకు రాలేదు.

తర్వాత నేను కాస్త చదివాను. అసలైన ప్రైమరీల్లోనూ నాలాంటివాళ్లున్నారు. 2012 జనవరి 3న అమెరికాలోని అయోవా రాష్ట్రంలో రిపబ్లికన్ పార్టీ ఓటింగ్ జరిగింది. ఆ రాత్రే మిట్ రామ్నీ 8 ఓట్లతో ముందున్నాడని ప్రకటించారు. పేపర్లన్నీ ఆయన గెలిచాడనే రాశాయి. రెండు వారాల తర్వాత లెక్కలు సరిచూస్తే రిక్ శాంటోరమ్ 34 ఓట్లు ముందున్నాడు. అప్పటికీ ఎనిమిది కేంద్రాల లెక్కలు దొరకనే లేదు. శాంటోరమ్‌కి గెలుపు దక్కింది గానీ ఆ రాత్రి దక్కాల్సిన చప్పట్లు ఎవరు తిరిగిస్తారు? నాకు ఘర్కుల్ అమ్మాయే గుర్తొచ్చింది. ఆమె గెలిచినప్పుడు కూడా మేమెవరం చప్పట్లు కొట్టలేదు. నోళ్లు తెరుచుకుని నిలబడ్డాం.

మొదటి పన్నెండు చీటీలు అబద్ధం కాదు. అవి మా దాజీ పేట, సాఖర్ పేట, కన్నా చౌక్ అమ్మాయిల నిజమైన ఓట్లే. కానీ నేను వాటిని క్లాసంతా అనుకున్నాను. టీవీలో కౌంటింగ్ రోజు జరిగేదీ ఇదే. మెషీన్లని బూత్ నంబర్ల వరసలో తెచ్చి, సాధారణంగా ఒక్కో అసెంబ్లీ భాగానికి పద్నాలుగు బల్లల మీద లెక్కపెడతారు. మొదటి రౌండ్ అంటే మొదటి కొన్ని వాడలే. ఊరు ఇంకా డబ్బాలోనే ఉంటుంది. ఏ వాడ ముందు వస్తుందో దాన్ని బట్టి ఆధిక్యం అటూ ఇటూ అవుతుంది. విజయవాడ సెంట్రల్‌లో 2019లో తేడా 25 ఓట్లే. అనకాపల్లి లోక్‌సభ సీటులో 1989లో తొమ్మిదంటే తొమ్మిదే. అలాంటి చోట ఆఖరి బల్ల దాకా ఎవరు ఏం చెప్పగలరు?

మరుసటి రోజు ఘర్కుల్ అమ్మాయిని మెట్ల దగ్గర ఆపి సారీ చెప్పాను. ఆమె కోప్పడలేదు. "నువ్వు భుజం మీద చెయ్యేసినప్పుడు నాకు నిజంగానే ఓడిపోయాననిపించింది. ఇంటికెళ్లి అమ్మకేం చెప్పాలా అని ఆలోచించుకున్నా" అంది. తర్వాత కొంచెం ఆగి, "నన్ను తొందరపడి ఓదార్చావు. ఆమెని మాత్రం ఇంకా ఓదార్చలేదు. పొద్దున్నుంచి ఒక్కతే కూర్చుంది, వెళ్లు" అంది.

వెళ్లాను. నా స్నేహితురాలు మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు మాట్లాడింది గానీ ఎన్నికల గురించి కాదు.

థర్డియర్‌తో జరిగిన అసలు ఎన్నికలో మేమిద్దరం ఘర్కుల్ అమ్మాయి కోసమే తిరిగాం. వడాపావ్‌ల ఖర్చు మళ్లీ నాదే. లెక్కింపు రోజు నేను మేడంని అడిగాను, డబ్బాని బల్ల మీద బోర్లించి చీటీలన్నీ కలిపాక విప్పమని. మేడం నవ్వి అలాగే చేశారు. మొదటి పదిలో ఏడు మావే. వెనక బెంచీలో ఎవరో అరవబోతే నా స్నేహితురాలు వెనక్కి తిరిగి చూసింది. ఫోన్ నా బ్యాగులోనే ఉంది. నేను పదకొండో గీత కోసం చాక్‌పీసు పట్టుకుని నిలబడ్డాను.