మూడు దెబ్బలు, ఒక మైల (పలక మాటలు – 11)

హాండెల్ రాసిన సారబాండ్ మీలో చాలామంది వినే ఉంటారు, పేరు తెలియకపోవచ్చు. రీల్స్‌లో ఎవరో గొప్పింటివాళ్ళు చచ్చే సీను వెనకాల మెల్లగా, బరువుగా నడిచే మోత. 1733లో లండన్‌లో అచ్చయిన ఒక డి మైనర్ సూట్‌లోని చిన్న నాట్యపు ముక్క అది. హార్ప్సికార్డ్ అనే తీగల పెట్టె మీద వాయించుకోవడానికి రాశాడు. 1975లో కుబ్రిక్ 'బారీ లిండన్' సినిమాలో ద్వంద్వయుద్ధానికీ, ఒక పిల్లవాడి శవయాత్రకూ వాడుకున్నాక చాలామందికి అది చావు సంగీతమైంది. విన్నవాళ్ళు "ఎంత హుందాగా ఉందబ్బా" అంటారు.

మా కర్నూలు, కడప పల్లెల్లో చావుకు పలక మోగుతుంది. మీరు డప్పు అంటారు. దాన్ని విని హుందాగా ఉందన్నవాళ్ళను నేనింతవరకూ చూడలేదు. ఒక కాలేజీ వార్షికోత్సవంలో పిల్లలు పలక కొడతామంటే, "శుభమా అని పండగ చేసుకుంటా ఉంటే చావు డప్పు ఏందప్పా" అని ఒక పెద్దమనిషి నవ్వుతూనే కొట్టిపారేశాడు.

రెండూ చావు మోతలే. ఒకటి హుందా, ఇంకొకటి మైల. ఈ తేడా మోతలో ఎక్కడుందో వెతుకుదాం.

మొదట లయ. సారబాండ్‌ది మూడు దెబ్బల నడక, రెండో దెబ్బ మీద బరువు పడి కాలు కాస్త ఆగుతుంది. వినాయకుడి ఊరేగింపులో అన్ని కులాల కుర్రాళ్ళూ ఎగిరే తీన్మార్‌కు పేరులోనే మూడు దెబ్బలున్నాయి. మన ఛందస్సులో హయప్రచార రగడ కూడా మూడు మాత్రల గణాలతోనే నడుస్తుంది. (రగడల పేర్లు ఎప్పుడైనా గమనించారా? హయప్రచారం, ద్విరదగతి, వృషభగతి. గుర్రం నడక, ఏనుగు నడక, ఎద్దు నడక. లక్షణకారులు ఇన్ని జంతువుల నడకలు కొలిచారు. ఆ పశువు చచ్చాక తోలు తీసి, ఆరబెట్టి, దాంట్లో మోత పుట్టించినవాడి నడకకు మాత్రం లక్షణం రాయలేదు.) కాబట్టి మూడు అనే అంకెలో ఏడుపూ లేదు, ఎగురుడూ లేదు.

మరి వేగంలో ఉందా? సారబాండ్ పుట్టుకతో నెమ్మదైంది కాదు. దాని పేరు మొదట కనబడేది 1539లో, పనామాలో రాసిన ఒక పద్యంలో. తర్వాత స్పెయిన్‌లో గిటార్లతో, చిడతలతో, పాడుతూ వేగంగా ఆడే వీధి ఆట. బూతు ఆట అని 1583లో నిషేధించారు. పాడినా ఆడినా 200 కొరడా దెబ్బలు, ఆపైన మగవాళ్ళకు ఓడల్లో తెడ్లేసే చాకిరీ, ఆడవాళ్ళకు దేశబహిష్కారం. అదే ఆట తర్వాతి శతాబ్దంలో ఫ్రెంచి రాజాస్థానం చేరింది, అడుగు నెమ్మదించింది. 1739 నాటికి మాథెసన్ అనే జర్మన్ సంగీత పండితుడు, ఈ నాట్యం పలికించే భావం పెద్దరికం కోసం ఆరాటం అని రాశాడు. వీధిలో కొరడా దెబ్బలు తిన్నవాళ్ళ పేర్లు ఆ పుస్తకాలకు అక్కర్లేదు.

శ్రుతి సంగతీ అంతే. ఇవాళ డి మైనర్ అంటే దుఃఖం అంటున్నాం. అదే మాథెసన్ 1713లో దాన్ని భక్తి, ప్రశాంతత అన్నాడు. పలకకు డి మైనర్ లేదు, మంట ఉంది. చింతగింజల జిగురుతో కట్టె చట్రానికి అంటించిన తోలు; ఎండుగడ్డి మంట మీద కాస్తే బిగుసుకుని గొంతు లేస్తుంది, చల్లారితే దిగిపోతుంది, మళ్ళీ కాయాలి. మే నెల ఎండలో ఒక గొంతు, ముసురు పట్టినప్పుడు ఒక గొంతు.

ఇక చావు దరువు. పెద్దకులపోళ్ళ ఇంట చావైతే గడప బయట రాత్రంతా కొట్టాలి. పాడె మోసేవాళ్ళ నడకే పలకకు వేగం. దింపుడు కల్లం దగ్గర పాడె దించితే పలక ఆగుతుంది, చెవిలో మూడుసార్లు పేరు పెట్టి పిలుస్తారు, లేపితే మళ్ళీ మొదలు. ఇక్కడ కొట్టేవాడి ఇష్టం ఏమీ లేదు. అదే మన పేటలో మునిమనవళ్ళను చూసి పోయిన అవ్వ చావుకైతే పలక ఉరుకుతుంది, ఈలలు, అడుగులు, చెమటలు. అదీ చావే. పీర్ల పండగకు గుండం చుట్టూ మోగేదీ ఈ పలకే. జాతరకు పిలిస్తే అమ్మవారి డప్పు, పెండ్లికి పిలిస్తే మంగళకరం. పిలవకుండా మన పిల్లలు తమంతట తాము కొడతామంటేనే అది చావు డప్పు అవుతుంది.

వదిలెయ్యమన్న పెద్దలూ ఉన్నారు. చర్చిలో చేరి పలకను అటక మీద పెట్టి మళ్ళీ ముట్టని తాతలు మా ఊర్లోనే ఉన్నారు. వాళ్ళమీద నాకు గౌరవం. బాబాసాహెబ్ 1928లో మహర్ వతన్ మీద బిల్లు పెట్టింది ఇలాంటి వంశపారంపర్య ఊరి చాకిరీ పోవాలనే. ఇటు 1994 జులై 7న ఈదుముడిలో మొదలైన ఉద్యమం దండోరా అనే చాటింపు పేరునే తన పేరు చేసుకుంది. రెండు దారుల్లోనూ ఎప్పుడు కొట్టాలో, ఎప్పుడు ఆపాలో నిర్ణయించేది మనమే.

నాకు భయం మూడో దారి గురించి. మంత్రిగారు కారు దిగుతుంటే ఒకే రంగు చొక్కాలేసుకుని, ఎవరో నేర్పిన అడుగులు వేస్తూ, చేయెత్తగానే ఆపెయ్యడం. (యాభై దాటిన డప్పు కళాకారులకు పింఛను ఇస్తున్నారు. అది మన హక్కు, తీసుకోవాల్సిందే.) సారబాండ్ రాజాస్థానానికి పోయిన దారి కూడా ఇలాంటిదే. గౌరవం వస్తుంది, వేగం వాళ్ళ చేతిలోకి పోతుంది.

సెలవులకు ఊరెళ్ళేవాళ్ళు ఒక పని చేయండి. పలక కొట్టిన తాతల దగ్గర కూర్చుని దరువుల పేర్లతో పాటు ఇవీ అడగండి: ఎవరు పిలిస్తే కొట్టినావు, కూలి ఎంత, వేగం పెంచమన్నది ఎవరు, ఆపమన్నది ఎవరు, ఎప్పుడన్నా రానన్నావా, అంటే ఏమైంది. ఫోన్‌లో రికార్డు చేసే ముందు మంటేసి పలక కాయనివ్వండి. ఇప్పటిదాకా మీరు పంపినవాటిలో సగం చల్లారిన తోలు మీద తీసినవే. దెబ్బ తెలుస్తోంది, గొంతు తెలియడం లేదు.