ఆకు చెప్పిన పేరు

తొలకరి వానలు పడి ఆకులు పచ్చబడినంతనే వానిని తినువారును బయలుదేరుదురు. తిరుమలాయపాలెము చెలకల గట్లపై నడచు బాలుడు ఒక ఆకును త్రిప్పి చూచినచో, ఎన్నడును ఎరుగని గొంగళిపురుగు కనబడును. దానిని కాలితో రాచివేయుట పలువురి అలవాటు. కొందరు చేతబట్టుదురు, వెండ్రుకల పురుగైనచో చేయి దద్దుర్లెక్కును. పేరు తెలియగోరువాడు ఈ రెండును చేయడు. ముందుగా చెట్టును చూచును.

ఏలయన, గొంగళిపురుగులలో పెక్కింటికి కొన్ని ఆకులే ఆహారము. ఆముదపు ఆకుపై వీపును విల్లువలె వంచి నడచుదానిని రైతులు దాసరిపురుగందురు. జిల్లేడుపై నలుపు, తెలుపు, పసుపు పట్టెలతో నుండునది సీతాకోకచిలుక పిల్ల. నిమ్మ ఆకుపై పక్షిరెట్టవలె కనబడునదియు అట్టిదే; తాకినచో తలవెనుకనుండి చీలిన కొమ్మువంటిదానిని చాచి ఘాటైన వాసన వదలును. ఆ వాసనకు చీమలే కాదు, బాలురును వెనుకకు తగ్గుదురు!

తరువాత కాళ్లు లెక్కింపవలెను. తలకు దగ్గరగా మూడు జతల గట్టికాళ్లుండును. వెనుకనుండు మెత్తని కాళ్లు ఐదు జతలకు మించినచో, అది కందిరీగల చుట్టమగు మరియొక కీటకపు పిల్ల. ముల్లంగి ఆకులపై ఇట్టివి దొరకును.

తూర్పుగా భద్రాచలపు అడవులవైపు సాగినచో మద్దిచెట్లు కలవు. మద్ది ఆకుపై బొటనవ్రేలంత లావున, ప్రక్కల పసుపుచారతో, వెండిచుక్కలతో పచ్చని పురుగు కనబడినచో లేపిన కాలు దింపరాదు. అది దసలి పట్టుపురుగు. నాలుగుమారులు కుబుసము విడిచి, చిన్న కోడిగ్రుడ్డు వంటి గట్టిగూటిని కాడతో కొమ్మకు వ్రేలాడదీయును. ఆ గూటి దారముతోనే దసలిపట్టు నేయుదురు. చెన్నూరు ప్రాంతమున దీనిని పెంచువారు మద్దిచెట్ల క్రింద కాపుండి కాకులను తోలుదురు, చీమలను రానీయరు. ఒక్క పురుగు నలిగినను వారి కూటికి అంత లోటే.

ఆకును బట్టి పురుగును గుర్తించుట క్రొత్తది కాదు. 1679లో మరియా సిబిల్లా మేరియన్ అను చిత్రకారిణి జర్మనీలోని నూరెంబర్గ్ నగరమున గొంగళిపురుగులపై గ్రంథము ప్రకటించెను. పురుగులు బురదనుండి తమంత తామే పుట్టునని పలువురు నమ్మిన కాలమది. ఆమె పురుగును తెచ్చి, అది తిను ఆకునే పెట్టి, రెక్కలు వచ్చువరకు వేచి, ఆ మొక్కతో సహా చిత్రించెను. నేటికిని పేరు తెలియని పురుగునకు ఇదియే ఉపాయము. రంధ్రముల మూతగల డబ్బాయు, ప్రతిదినమును అదే చెట్టు ఆకును చాలును. ఓర్పు మాత్రము వలయును. ఒక్కొక్కప్పుడు రెక్కలపురుగు రానేరాదు. చిన్న చిన్న కందిరీగలు వెలువడును. గొంగళిపురుగు ఆకు మేయుచుండగనే తల్లికందిరీగ దాని మేనిలో గ్రుడ్లు పెట్టి పోయియుండును.