సైగాన్ నగరంలో ఒక పూట

పంతొమ్మిది సంవత్సరాలుగా నేను ద్విచక్రవాహనం ఎక్కలేదు. ఎక్కరాదని ఎవరూ శాసించలేదు. నాకు నేనుగా విధించుకున్న నియమమది. ఆ నియమం 2025 డిసెంబరులో, వియత్నాం దేశపు హోచిమిన్ నగరంలో, ఇరవై రెండేళ్ళ పిల్ల చేతిలో భంగమైంది. ఆ వైనం వ్రాసి పెట్టుకోవాలనిపించి ఈ నాలుగు మాటలు.

మా అమ్మాయీ అల్లుడూ ఉద్యోగరీత్యా ఆ నగరంలో ఉంటున్నారు. మమ్మల్ని నెల రోజులు తమ దగ్గర ఉంచుకోవాలని పిలిపించుకున్నారు. 1976లో పేరు మార్చినా, అక్కడి వారి నోట అది ఇప్పటికీ సైగానే. మేడ మీది వరండాలో నిలబడి క్రిందికి చూస్తే వీధి కనబడదు, శిరస్త్రాణాలు మాత్రం కనబడతాయి. ఆ నగరంలో డెబ్బై లక్షలకు పైగా మోటారు బళ్ళున్నాయని మా అల్లుడు చెప్పాడు. మొదటి వారం రోజులూ నేను వీధి దాటడానికే జంకి, ఆ ప్రక్క దుకాణాలను ఈ ప్రక్క నుండి చూసి తృప్తి పడ్డాను.

ఒకనాటి రాత్రి భోజనాల వేళ మా అమ్మాయి, "నాన్నగారూ, రేపు ఉదయం మీకూ అమ్మకూ స్కూటర్ల మీద ఊరు చూపించే ఏర్పాటు చేశాను. ఎనిమిదింటి నుండి పన్నెండింటి దాకా. ఒక్కొక్కరికి ఒక్కొక్క బండి, నడపడానికి ఒక్కొక్క అమ్మాయి" అన్నది. నేను వెంటనే కుదరదన్నాను. మా ఇంటావిడ మాత్రం అన్నం కలుపుతూ తల ఎత్తకుండానే, "నేను వెళతాను" అన్నది. ఆవిడ అంత తేలికగా అన్న తరువాత నేను ఇంట్లో కూర్చోవడం సాధ్యం కాలేదు.

నా నియమానికి కారణం చెప్పాలి. 2006లో, దీపావళికి రెండు రోజుల ముందు, చీకటి పడుతున్న వేళ, తెనాలి నుండి మా ఇంటికి ఇద్దరం స్కూటరు మీద వస్తున్నాము. ఎవరో ఇల్లు కట్టుకుంటూ దారి మీద పోయించిన ఇసుక కుప్ప నాకు కనబడలేదు. బండి జారింది. నాకు మోచేతులు దోక్కుపోయాయి, అంతే. వెనుక కూర్చున్న ఆవిడకు మోకాలి చిప్ప చిట్లింది, నుదుటి మీద ఏడు కుట్లు పడ్డాయి. ఇద్దరికీ శిరస్త్రాణం లేదు. ఆ నెలలోనే స్కూటరు అమ్మివేశాను. ఆ తరువాత నేను ఎక్కలేదు, ఆవిడను ఎక్కనివ్వలేదు.

మరునాడు ఉదయం ఎనిమిది కాకుండానే ఇద్దరు విద్యార్థినులు బళ్ళతో వచ్చారు. సెలవు దినాలలో ఈ పని చేసి చదువుకు డబ్బు కూడబెట్టుకుంటారట. ఇంగ్లీషు చక్కగా మాట్లాడుతున్నారు. బండి మీద అటూ ఇటూ కాళ్ళు వేసి కూర్చోవాలి, ఒక ప్రక్కకు కూర్చోరాదు అన్నారు. అందుకని మా ఆవిడ అమ్మాయి పంజాబీ డ్రస్సు వేసుకుని బయటకు వచ్చింది. నలభై ఏళ్ళ కాపురంలో ఆవిడను ఆ వేషంలో చూడడం అదే ప్రథమం. నేను ఏమీ అనలేదు. ఆవిడ కూడా నా వంక చూడలేదు.

నా సారథి శిరస్త్రాణం నా తలకు పెట్టి, గడ్డం క్రింద పట్టీ తానే బిగించింది. ఆ దేశంలో 2007 డిసెంబరు 15 నుండి అన్ని రోడ్ల మీదా అది తప్పనిసరి చేశారు. ఆ పట్టీ టక్కుమని పడిన చప్పుడుకు నా గుండె కూడా అలాగే కొట్టుకుంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పరాయి ఆడపిల్ల భుజం పట్టుకోవడానికి నా పెంపకం ఒప్పుకోదు. వెనుక ఉన్న ఇనుప కడ్డీని రెండు చేతులా పట్టుకున్నాను. ఆ పిల్ల అద్దంలో చూసి నవ్వి, తమ దేశంలో బాడుగకు తిరిగే మోటారు బళ్ళను 'సే ఓమ్' అంటారనీ, దానికి కౌగిలి బండి అని అర్థమనీ చెప్పింది. వెనుక కూర్చున్నవాడు ముందువాడిని కౌగిలించుకోక తప్పదు గనుక ఆ పేరు. ఎంత నిజమైన పదబంధం! మన నిఘంటుకర్తలెవరికీ తట్టేది కాదు.

అంతకన్నా నన్ను ఆకట్టుకున్నది వారి సంబోధన. వియత్నామీయులకు మాటలలో ఉత్తి 'నేను', ఉత్తి 'నీవు' దాదాపుగా లేవు. ఎదుటివారి వయసును బట్టి అన్న, అక్క, పిన్ని, పెదనాన్న, తాత అని వరుస కలిపి, ఆ వరుసే సర్వనామంగా వాడతారు. తనను తాను కూడా బిడ్డ అనో చెల్లెలు అనో చెప్పుకుంటారు. నన్ను ఆ పిల్ల తాత వరుస కట్టి పిలిచింది. ఆ మాట పలికేటప్పుడు చివర పెదవులు మూసుకుంటాయి. మన చెవికి అది అచ్చంగా 'ఓం' అని వినబడుతుంది. నాలుగు గంటల సేపు ఎవరో నన్ను ప్రణవంతో పిలుస్తుంటే, ముప్పై మూడేళ్ళు 'మాస్టారూ' అనిపించుకున్నవాడికి అదొక విచిత్రమైన పదోన్నతి.

బండి వీధిలో కలిసింది. కలవడమంటే వాగు నదిలో కలవడమే. మొదటి అయిదు నిమిషాలు కళ్ళు మూసుకున్నాను. తెరచిన తరువాత ఒక సంగతి గ్రహించాను. అన్ని వేల బళ్ళలో ఏదీ పరుగెత్తడం లేదు. ఏదీ హఠాత్తుగా ఆగడమూ లేదు. ఎవరైనా నడిచి వీధి దాటుతుంటే బళ్ళు ఆగవు, ఆ మనిషికి అటూ ఇటూ చీలి పోతాయి. దాటేవాడు ఒకే వేగంతో నడవాలి. భయపడి ఆగినా వెనక్కు తగ్గినా ప్రమాదం. "మా లెక్క తప్పేది మీరు ఆగినప్పుడే" అన్నది నా సారథి. 2025 జనవరి నుండి జరిమానాలు బాగా పెంచడం వలన ఎర్ర దీపం దగ్గర అందరూ బుద్ధిగా నిలబడుతున్నారని కూడా చెప్పింది.

ముందుగా మమ్మల్ని పెద్ద తపాలా కార్యాలయానికి తీసుకుపోయారు. ఫ్రెంచివారు 1886లో మొదలుపెట్టి 1891లో పూర్తి చేసిన భవనమది. ఎదురుగా ఉన్న చర్చి 1880 నాటిది. దాని ఎర్ర ఇటుకలు ఓడలలో ఫ్రాన్సు నుండి తెచ్చారు. 2017లో మొదలైన మరమ్మతులు ఇంకా సాగుతున్నందున దాని చుట్టూ ఇనుప చట్రాలున్నాయి. ఆ చర్చికి కొద్ది దూరంలో ఒక ఉద్యానవనం, దానికి చెరొక ప్రక్కన చెరొక వీధి. ఒక వీధికి హాన్ థుయెన్ అని పేరు. ఆయన పదమూడవ శతాబ్దపు కవి, చైనా లిపి పద్ధతిలో స్వభాషకు కల్పించుకున్న 'నోమ్' లిపిలో వ్రాసిన తొలివారిలో ఒకడుగా ప్రసిద్ధుడు. రెండవ వీధికి అలెగ్జాండర్ ద రోడ్ అనే ఫ్రెంచి మతగురువు పేరు. 1651లో రోము నగరంలో వియత్నామీ నిఘంటువు అచ్చు వేయించి, నేటి రోమను లిపికి పునాది గట్టిపరచినవాడు. పాత లిపికి ఒక వీధి, కొత్త లిపికి ఒక వీధి, నడుమ పచ్చిక మీద కూర్చుని కాఫీ త్రాగుతున్న పిల్లలు. వారిలో ఎవరూ తమ ముత్తాతల చేవ్రాత చదవలేరు. భాషా పండితుడిగా నాకు అక్కడి నుండి కదలబుద్ధి కాలేదు.

ఆ భాషకు ఆరు స్వరాలు. దక్షిణాదివారు రెంటిని కలిపివేసి అయిదుగా పలుకుతారు. 'మ' అనే ఒక్క శబ్దాన్నే స్వరం మార్చి పలికితే దయ్యం, అమ్మ, కాని, వరినారు, సమాధి అని అర్థాలు మారిపోతాయి. స్వరం తప్పి పలికినందువల్ల 'ఇంద్రశత్రు' శబ్దానికి అర్థం తలక్రిందులై త్వష్ట చేసిన యజ్ఞం బెడిసికొట్టిన కథను నేను తరగతిలో ఎన్నోమార్లు చెప్పాను. ఆ ప్రమాదం అక్కడ ప్రతి కూరల కొట్టులోనూ పొంచి ఉంటుందని అప్పుడు తెలియదు.

గుయెన్ జూ అనే మహాకవి పేరు గల వీధిలో దీపం దగ్గర ఆగినప్పుడు, ఆయన 'కియెవ్ కథ' గురించి నా సారథిని అడిగాను. 3254 పాదాల కావ్యమది. ఆరక్షరాల పాదం, దాని వెంట ఎనిమిదక్షరాల పాదం. ఆరు పాదంలోని చివరి అక్షరానికి ఎనిమిది పాదంలోని ఆరవ అక్షరంతో ప్రాస, ఆ ఎనిమిదవ అక్షరానికి తరువాతి ఆరు పాదం చివర ప్రాస. ఇలా గొలుసు సాగిపోతుంది. మన ప్రాస రెండవ అక్షరం దగ్గర కాపు కాస్తే వారిది చివరి అడుగులలో చేయి కలుపుతుంది. ఆ పిల్ల బడిలో చదివిన పాదాలు కొన్ని వల్లించింది. దీపం పచ్చగా మారినా ఆపలేదు, బండి నడుపుతూనే వల్లించింది. పెద్దవాళ్ళు ఆ పుస్తకం తెరచి, వచ్చిన పాదాన్ని బట్టి శకునం చూసుకుంటారట.

తరువాత ఒక కూడలిలో ఆగాము. 1963 జూన్ 11న, బౌద్ధుల మీద అప్పటి ప్రభుత్వం సాగించిన దమనానికి నిరసనగా థిక్ క్వాంగ్ డుక్ అనే భిక్షువు పద్మాసనంలో కూర్చుని తనను తాను దహించుకున్న చోటు అదే. ఇప్పుడక్కడ ఆయన విగ్రహం ఉన్నది. చుట్టూ బళ్ళు పోతూనే ఉన్నాయి. నా సారథి శిరస్త్రాణం తీసి చేతిలో పట్టుకుని కొద్దిసేపు మౌనంగా నిలబడింది. ఆ పిల్ల పుట్టేనాటికి యుద్ధం ముగిసి పాతికేళ్ళు దాటింది. అయినా ఆ మౌనం ఆమెకు ఎవరో నేర్పారు.

అక్కడి నుండి మారియమ్మన్ ఆలయానికి. పందొమ్మిదవ శతాబ్దిలో వచ్చిన తమిళ వర్తకులు కట్టించుకున్న గుడి. మన ఊళ్ళ పొలిమేరల్లోని మారెమ్మే. నేడు అక్కడికి వచ్చేవారిలో ఎక్కువమంది వియత్నామీయులు, చైనీయులు. గర్భగుడి వెనుక రాతి గోడకు నుదురు ఆనించి తమ కోరికలు గుసగుసగా విన్నవించుకుంటున్నారు. మా ఆవిడ కూడా పోయి గోడకు నుదురు ఆనించింది. కుట్ల మచ్చ ఉన్న నుదురది. ఏమి అడిగిందో నేను అడగలేదు.

కాఫీకి ఒక సందులో ఆగాము. మోకాలి ఎత్తు లేని ప్లాస్టిక్ పీటలు. సారథులిద్దరూ బళ్ళ దగ్గర నిలబడి మాట్లాడుకుంటున్నారు. గ్లాసు మీద చిన్న సత్తు ఫిల్టరు పెట్టి తెచ్చారు. అడుగున చిక్కటి డబ్బా పాలు. డికాషను బొట్టు బొట్టుగా దిగాలి, త్రిప్పరాదు, నొక్కరాదు, కాచుకుని కూర్చోవడమే. మా ఇంటి ఫిల్టరే గుర్తుకు వచ్చింది.

"ఎలా ఉంది? భయం వేసిందా?" అని అడిగాను.

"నాకెందుకు భయం?" అన్నది ఆవిడ. కొంచెం ఆగి, "ఆ రోజు కూడా వేయలేదు. పడ్డాము, లేచాము. ఆరు నెలలకు మోకాలు అతికింది. తప్పు మీదని నేనెన్నడైనా అన్నానా?" అన్నది.

"అనలేదు."

"ఇసుక కుప్ప మీ తప్పు కాదండీ. ఆ తరువాతది మాత్రం మీదే."

నాకు అర్థం కాలేదు. ఆవిడ గ్లాసులోకే చూస్తూ చెప్పింది. 2013లో మా అత్తగారికి ప్రాణం మీదికి వచ్చినప్పుడు మా బావమరిది మోటారు సైకిలు తెచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. పదిహేను కిలోమీటర్ల దారి. "అక్కను దాని మీద పంపను, బస్సులో వస్తాము" అన్నాను. బస్సు రావడానికి గంటన్నర పట్టింది. మేము వెళ్ళేసరికి ఆమె మాట పోయింది, అరగంటకు ప్రాణం పోయింది.

"అంతకుముందు దాకా నా పేరు పెట్టి పిలుస్తూనే ఉందట. తమ్ముడు చెప్పాడు" అన్నది.

పన్నెండేళ్ళుగా ఆ మాట ఆవిడలో ఉన్నది. నేను మాత్రం నా నియమాన్ని ఒక ప్రాయశ్చిత్తంగా భావిస్తూ, ఆవిడ క్షేమం కోసం నేను చేస్తున్న త్యాగమని లోలోపల గర్వపడుతూ వచ్చాను. ప్రాయశ్చిత్తం నాది, ఉపవాసం ఆవిడది. నాకు సమాధానం దొరకలేదు. క్షమించమని అనవలసింది, అలవాటు లేక నోరు పెగల్లేదు. కాఫీ దిగింది. ఆవిడ తన గ్లాసులోని మంచు ముక్కలు చెంచాతో కలిపి, నా గ్లాసు కూడా కలిపి ఇచ్చింది.

తరువాత చైనావారి పేట చొలోన్‌లో 1928లో పూర్తయిన బిన్ తై మార్కెట్టు చూశాము. పాత సామాన్లు ఏరుకుని బ్రతుకు మొదలుపెట్టి కోటీశ్వరుడైన క్వాక్ డామ్ అనే చైనీయుడు కట్టించినది. సముద్ర దేవత థియెన్ హౌ ఆలయం చూశాము. దూలాలకు వ్రేలాడే అగరు చుట్టలు శంఖుల ఆకారంలో గిరగిర తిరుగుతూ రోజుల తరబడి కాలుతూ ఉంటాయి. ఓడలెక్కిన బంధువులు క్షేమంగా తీరం చేరాలని ఆ తల్లికి మ్రొక్కుకునేవారట. పంపించి మ్రొక్కుకున్నారే గాని, పంపడం మానలేదు. ఆ పూట నాకు తగిలిన పాఠమది.

తిరుగు ప్రయాణంలో ఆవిడ బండి నా బండికి ముందు పోతున్నది. నేను కడ్డీ వదిలి చేతులు తొడల మీద పెట్టుకున్నాను. కళ్ళు మూయలేదు. ముందు ఆవిడ తన సారథి భుజం మీద చేయి వేసి, వంగి ఏదో చెబుతున్నది. ఆ పిల్ల నవ్వుతున్నది. తెలుగులోనే చెప్పి ఉంటుంది, ఆవిడకు వేరే భాష రాదు.

ఇంటికి తిరిగి వచ్చాక తెనాలిలో రెండు శిరస్త్రాణాలు కొన్నాను. సంక్రాంతి మరునాడు మా బావమరిది వచ్చినప్పుడు ఆవిడ పుట్టింటికి బయలుదేరింది. నేనే పట్టీ బిగించాను. మొదట సరిగా పడలేదు, రెండవసారి టక్కుమన్నది. "జాగ్రత్త" అనబోయి, "త్వరగా వెళ్ళండి, ఎండ ఎక్కుతుంది" అన్నాను. చీర గనుక ఒక ప్రక్కకే కూర్చున్నది. సందు మలుపు దాకా బండి కనబడింది, ఆ తరువాత కొంతసేపు చప్పుడు వినబడింది. రెండవ శిరస్త్రాణం వీధి గదిలో చిలక్కొయ్యకు తగిలించి ఉన్నది.