సాయంత్రానికి రాజమండ్రి

హైదరాబాద్ నుంచి విశాఖపట్నం కారులో వెళ్లేవాళ్లు దారిలో ఆగే ఊరి గురించి పెద్దగా ఆలోచించరు. ఎక్కడ అలసట వస్తే అక్కడ ఒక లాడ్జి, భోజనం, నిద్ర, తెల్లారగానే మళ్లీ హైవే. పిల్లలు చిన్నవాళ్లయితే అది చాలు. ఎదిగిన పిల్లలు వెంట ఉంటే మాత్రం ఆ ఒక్క మజిలీ మీదే మిగతా ప్రయాణం ఆధారపడి ఉంటుంది. ఈ సంగతి నాకు రాజమండ్రిలో బోధపడింది.

మా అమ్మాయి ఇంటర్ చదువుతోంది, అబ్బాయి పదో తరగతి. ఈ వయసులో నిద్ర వాళ్ల చేతిలో ఉండదు. నిద్రను పిలిచే మెలటోనిన్ యుక్తవయసులో రాత్రి ఆలస్యంగా ఊరడం మొదలవుతుంది. అందుకే అర్ధరాత్రి దాకా కళ్లు మూతపడవు, పొద్దెక్కినా తెరుచుకోవు. మన ఇళ్లలో దీన్ని బద్ధకం కింద జమకడతాం. అలాంటి పిల్లల్ని ఆరింటికి లేపి ఊరు చూపిస్తే ఆ విసుగంతా ఊరి మీదకు మళ్లుతుంది. పాపం, ఊరు చేసిన తప్పేముంది?

అందుకని ఈసారి ముందు వేళలు చూసుకున్నాను, చూడాల్సిన చోట్లు ఆ తర్వాత. రాజమండ్రి గోదావరికి తూర్పు గట్టున ఉంది. కాబట్టి పొద్దు నది మీదుగా కొవ్వూరు వైపు వాలుతుంది. ఆ ఊరు అన్నిటికన్నా అందంగా ఉండే వేళా, పిల్లలు హుషారుగా ఉండే వేళా ఒకటే. మధ్యాహ్నం నాలుగింటికల్లా చేరేలా హైదరాబాద్‌లో బయల్దేరితే మిగతాది దానంతటదే కుదురుతుంది.

ఊళ్లోకి ఎటునుంచి వెళ్లాలన్నది కూడా ఆలోచించాల్సిన విషయమే. ఏలూరు దాటాక గుండుగొలను దగ్గర దేవరపల్లి దారి పట్టి కొవ్వూరు చేరాం. అక్కడినుంచి కొత్త వంతెన మీదుగా వెళ్తే ఊరు పక్కనుంచి జారిపోతుంది. మేం 1974లో కట్టిన రోడ్డు కం రైలు వంతెన ఎక్కాం. పైన మన కారు, కింద రైలు. సరిగ్గా అప్పుడే కింద ఒక గూడ్సు బండి వెళ్లింది. చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు వాటంతటవే బయటికొచ్చాయి.

పుష్కర ఘాట్ మెట్ల మీద కూర్చున్నాక నేను ఏదీ వివరించకూడదని నిర్ణయించుకున్నాను. చెప్పాలని నోరు దురద పెడుతూనే ఉంది. ఎదురుగా హేవలాక్ వంతెన, దాని పక్కన విల్లుల్లాంటి కాంక్రీటు కమానులతో కొత్త రైలు వంతెన. కాసేపయ్యాక మావాడే అడిగాడు.

"అమ్మా, ఆ పాత దాని మీద ఒక్క రైలూ పోవట్లేదేంటి?"

1900లో మొదలైన వంతెన, 1997లో రైళ్లు ఆగిపోయాయి అన్నాను. అంతే. తర్వాతిదంతా వాడే ఫోన్లో వెతుక్కున్నాడు. కమాను బరువును ఎలా మోస్తుందో వాళ్ల అక్కకు నోటుపుస్తకంలో బొమ్మ గీసి చూపించాడు. నేను ముందే చెప్పేసి ఉంటే ఆ బొమ్మ పుట్టేది కాదు. అడగని ప్రశ్నకు జవాబు చెప్పడం ఈ వయసు పిల్లల దగ్గర తలుపు మూసేయడమే.

చీకటి పడ్డాక చేతికి కొంత డబ్బిచ్చి బజారు మీదకు వదిలాం. వాళ్ల నాన్న మొదట తటపటాయించారు. ఇద్దరూ విడిపోకూడదు, ఫోన్లో ఛార్జింగ్ ఉండాలి, తొమ్మిదింటికి ఫలానా సెంటర్లో కలవాలి. ఇంతే షరతులు. రాజమండ్రి రోజ్‌మిల్క్ పేరు విన్నారు కదా, దాన్ని వెతుక్కుంటూ వెళ్లారు. ఎవరినో దారి అడిగి, ఒక సందు తప్పి, ఇంకో సందులో తేలి, చెప్పిన వేళకు వచ్చేశారు. ఆ గంటన్నరలో ఊరు వాళ్లదైపోయింది. మేం వెంట తిప్పి ఉంటే మాదిగానే మిగిలేది.

పొద్దున తొమ్మిది దాకా ఎవరినీ లేపలేదు. టిఫిన్ అయ్యాక ఎండ ముదిరే వేళకు నీడపట్టున చూసేవి రెండే పెట్టుకున్నాం. ఒకటి అమ్మాయి కోరింది, ఒకటి నేను. తను బొమ్మలు వేస్తుంది, అందుకని దామెర్ల రామారావు చిత్రశాల. ఈ ఊళ్లోనే పుట్టి, బొంబాయి జె.జె. స్కూల్లో చదివి, 1925లో 28 ఏళ్లు నిండకుండానే పోయిన చిత్రకారుడు. అంత చిన్న వయసుకు అంత పని చూసి అది బొమ్మ బొమ్మ దగ్గరా ఆగిపోయింది, మేం బయట బెంచీ మీద కూర్చున్నాం.

నా వంతుది కందుకూరి వీరేశలింగం ఇల్లు. 1881 డిసెంబరు 11న ఆయన ఈ ఊళ్లో జరిపించిన మొదటి వితంతు వివాహంలో పెళ్లికూతురు గౌరమ్మ బాలవితంతువు. "బాల అంటే నాకన్నా చిన్నదా?" అంది మా అమ్మాయి. అవునన్నాను. ఇంకేమీ అడగలేదు, కానీ చాలాసేపు అక్కడే నిలబడింది. పాఠంలో రెండు మార్కుల ప్రశ్నగా చదివినది అక్కడ ఒక పిల్లగా ఎదురైంది. అప్పుడు నాకూ మాట రాలేదు.

ధవళేశ్వరం, 1852లో కాటన్ దొర పూర్తిచేసిన ఆనకట్ట కథ, కడియం నర్సరీలు వదిలేశాం. పాపికొండలు పడవ ప్రయాణానికి ఒక పగలంతా కావాలి. దాన్ని ఇలాంటి మజిలీలో ఇరికించాలనుకోవడమే నదికి అన్యాయం. విశాఖ ఇంకో నాలుగు గంటల దూరం కాబట్టి భోజనం చేసి బయల్దేరితే చీకటి పడేసరికి చేరిపోతాం. కారులో గొడవల్లేవు. వెనక సీట్లో కమానుల మీద వాదన మాత్రం తుని దాకా సాగింది.

ఇప్పుడు బెంగళూరు దారికి మావాడే లెక్క కడుతున్నాడు. హైదరాబాద్‌లో పొద్దున్నే బయల్దేరితే కర్నూలు మండుటెండలో వస్తుందట. మధ్యాహ్నం భోజనం చేసి బయల్దేరితే సాయంత్రం కొండారెడ్డి బురుజు దగ్గర ఉంటామంటున్నాడు. రాత్రి అక్కడే పడక. మర్నాడు ఎన్నింటికి లేవాలో మాత్రం ఇంకా తేలలేదు.