కుంచెకు పదవీ విరమణ లేదు

ఒకప్పుడు వరంగల్‌లో ప్రతి దుకాణం నెత్తిన ఓ మనిషి చేతిరాత కనిపించేది. కిరాణా కొట్టు, బట్టల షాపు, సైకిల్ రిపేరు, డాక్టరు గారి బోర్డు... అన్నీ ఎనామిల్ రంగులతో రాసినవే. కింద కుడి మూలన చిన్నగా ఆర్టిస్టు పేరు. బతుకుదెరువు వెతుక్కుంటూ పల్లెల నుంచి, పక్క జిల్లాల నుంచి కుంచెతో వచ్చినవాళ్ళూ అందులో ఉండేవాళ్ళు. ఎన్నికలొస్తే గోడలు, సినిమా వస్తే బ్యానర్లు. చేతి నిండా పని.

2000 తర్వాత ఫ్లెక్సీలు వచ్చాయి. రెండ్రోజుల పని గంటలో అయిపోసాగింది. ఈ వృత్తిలో పింఛను లేదు, వీడ్కోలు సభ లేదు. పని రాని రోజే రిటైర్మెంటు. మరి నలభై ఏళ్ళు రంగుల్లో నానిన చేతులు ఊరుకుంటాయా?

అలాంటి చేతులకు ఓరుగల్లు కంటే మంచి చోటేముంది! కోటలో నాలుగు దిక్కులా నాలుగు కీర్తి తోరణాలు. వాటి మధ్య ఉండాల్సిన స్వయంభూ శివాలయం శిథిలమైంది, తోరణాలు మాత్రం నిలిచాయి. హన్మకొండలో 1163 నాటి వేయిస్తంభాల గుడి. పాలంపేటలో 1213 నాటి రామప్ప. దాన్ని 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

బోర్డు రాసినవాడికి ఈ రాళ్ళు కొత్త కావు. సుద్ద పూసిన దారం లాగి గీత కొట్టడం, గళ్ళు గీసి చిన్న బొమ్మను పెద్దది చేయడం, రోడ్డు అవతలి నుంచి చూస్తే అక్షరం ఎలా ఉంటుందో ముందే ఊహించడం అతడి నిత్యకృత్యం. తోరణం గీయడానికి కావలసిందీ అదే. నిట్టనిలువు స్తంభం, అడ్డదూలం, పైన హంస... కొలత తప్పితే మొత్తం ఒరిగిపోతుంది. ఒక తేడా మాత్రం ఉంది. బోర్డుకు గడువుంటుంది, రాయికి తొందర లేదు.

ఈ దారిలో పెద్దలూ ఉన్నారు. అప్పటి వరంగల్ జిల్లా పెనుగొండలో 1924లో పుట్టిన కొండపల్లి శేషగిరిరావు శాంతినికేతన్‌లో చదివి, హైదరాబాద్‌లో ఎందరికో చిత్రకళ నేర్పారు. కాకతీయుల శిల్పాన్ని కుంచెకెత్తారు. ఆయన 2012లో కన్నుమూశారు.

ఫోటో ఉండగా బొమ్మ ఎందుకని అడగవచ్చు. ఫోటో క్షణంలో అయిపోతుంది. గీసేవాడు ఒక్కో స్తంభం ముందు గంటలు కూర్చుంటాడు. ఎక్కడ పగులుందో, ఏ చెక్కడం అరిగిందో అతడి కంటికి చిక్కుతుంది. పైగా కట్టడాలు ఎప్పుడూ అలాగే ఉంటాయన్న భరోసా లేదు. వేయిస్తంభాల గుడి కల్యాణ మండపాన్ని 2006లో విప్పితే, తిరిగి నిలబెట్టి 2024 మార్చిలో తెరిచారు. అది విప్పి ఉన్న కాలంలో పెరిగిన పిల్లలకు మండపమంటే బొమ్మే. 1886 నాటి సెంట్రల్ జైలుకు ఆ అదృష్టమూ లేదు. 2021లో ఆసుపత్రి కోసం దాన్ని కూల్చేశారు.

గుళ్ళకు గీసేవాళ్ళు ఎలాగూ దొరుకుతారు. పాత మిద్దెలకు, సందుల్లోని చెక్క తలుపులకు, రేపో మాపో పోయే గోడలకు ఎవరున్నారు? ఇంటి మూల డబ్బాలో కుంచెలు దాచుకున్న పెద్దమనిషి ఏ వాడలోనైనా ఉండొచ్చు. కాగితం, నాలుగు రంగులు, కూర్చోవడానికి కాస్త నీడ... ఖర్చు అంతే. అడిగేవాళ్ళే కావాలి.