చెవి ఒక్కటే మిగిలింది

తలుపు వెనక మంట ఉందేమోనని అనుమానం వస్తే ఆయన అరచెయ్యి ఆనించడు. చెయ్యి తిరగేసి, వేళ్ల వెనక వైపును తలుపుకు బెత్తెడు దూరంలో పెట్టి, పైనుంచి కిందికి మెల్లగా దించుతాడు. స్టోరు గది తలుపు మీద నాకు చేసి చూపించాడు. "కరెంటు పారుతుంటే అరచెయ్యి తలుపును పట్టేసుకుంటది సార్, ఇక వదలదు. ఎనక వైపైతే చెయ్యి ముడుచుకుని మన దగ్గరికే వచ్చేస్తది. వేడి కూడా ఈ వైపే ముందు తెలిసిద్ది, తోలు పల్చన గదా." ఆ చేతి మీద తోలు పల్చగా ఏమీ లేదు. మణికట్టు నుంచి చూపుడు వేలి దాకా పాత కాలిన మచ్చ ఉంది. గోళ్ల చుట్టూ హోస్ కప్లింగుల గ్రీజు మరక ఇంకిపోయి ఉంది.

చిలకలూరిపేటకీ మార్టూరుకీ నడుమ, పదహారో నంబరు జాతీయ రహదారికి కూతవేటు దూరంలో ఉన్న ఫైర్ స్టేషన్ అది. ఊరి పేరూ మా పేర్లూ రాయొద్దండీ అన్నారు. రాయను. హైడ్రోజన్‌తో నడిచే బస్సులూ లారీలూ రోడ్డెక్కుతున్నాయట, అవి గుద్దుకుంటే ముందు పరిగెత్తే వాళ్లకి ఏం చెప్పారో కనుక్కుని రా అని ఎడిటర్ పంపారు. స్టేషన్ ఆఫీసర్ గారు మర్యాదగా కుర్చీ వేయించి రిజిస్టర్లు, వాటర్ టెండరు, రేకులు కోసే హైడ్రాలిక్ కట్టరు వరసగా చూపించబోయారు. ఆ వరస సగంలోనే తప్పించుకుని, షెడ్డు వెనక తడిసిన హోస్ పైపులు ఆరేస్తున్న ఈ లీడింగ్ ఫైర్‌మన్ దగ్గర చేరాను. రిటైర్మెంటుకు దగ్గరపడిన మనిషి. స్టేషన్లో కుర్రాళ్లందరికీ బాబాయ్.

పత్తి గురించి అడిగితే చాలు, ఆయన చేతులు కదులుతాయి. "పత్తి మంట ఆరిందని ఇంటికి పోయామా, తెల్లారేసరికి మళ్లీ ఫోను వచ్చిద్ది." జిన్నింగు మిల్లులో బేలు పైకి తడిగా, చల్లగా ఉంటుంది. నిప్పు లోపల పొగలేకుండా తిని తిని కూర్చుంటుంది. బద్దీ సందున వేలు దూర్చి చూస్తేగాని తెలియదు. అనుమానం వచ్చిన ప్రతి బేలూ విప్పాల్సిందే. మిరప సంగతి వేరు. గుంటూరు చుట్టుపక్కల వందకు పైగా కోల్డ్ స్టోరేజీలున్నాయి. ఒక్కోదాంట్లో వేలకు వేలు మిరప టిక్కీలు, అంటే బస్తాలు. అందులో నిప్పంటుకుంటే ఆ పొగకి కళ్లూ ముక్కే కాదు, చెమట పట్టిన మెడ కూడా మండుద్ది అంటాడు. ఊపిరికి గాలి అందించే బీఏ సెట్ తగిలించుకోకుండా గుమ్మం దాటిన వాడు నాలుగడుగులు వేయలేడు. అదే కోల్డ్ స్టోరేజీలో అమ్మోనియా పైపు పగిలితే ముక్కు గేటు దగ్గరే చెప్పేస్తుంది. నీళ్లు తెరలాగా కొడితే అమ్మోనియా నీళ్లలో కలిసిపోతుంది. వంటగ్యాస్ ట్యాంకరు బోల్తా పడితే ముందు చూడాల్సింది బండిని కాదు, పక్కనున్న పంటకాలువని. అది గాలి కంటే బరువు, పల్లానికి పారుతుంది.

ఇదంతా ఏ పుస్తకంలోనూ చదివి నేర్చుకున్నది కాదు. ముక్కులో, కంట్లో, ఆ చేతి వెనక తోలులో దాచుకున్న చదువు.

నేను తెచ్చిన కాగితాలు తీశాను. హైడ్రోజన్‌కి వాసన లేదని చదివాను. గ్యాస్ బండలో కలిపినట్టు వాసన మందు కలిపితే ఫ్యూయల్ సెల్ పాడయ్యే ప్రమాదం ఉంది గనక బండ్లలో కలపరు. "సరే, ముక్కు పోయింది" అన్నాడు. పట్టపగలు దాని మంట కంటికి దాదాపు ఆనదు, టైరో ప్లాస్టిక్కో తోడుగా కాలితేనే రంగు తేలుతుందని చెప్పాను. "కన్నూ పోయింది." మంట లోపల 2000 డిగ్రీల పైన వేడి ఉన్నా చుట్టూ చిమ్మే సెగ తక్కువని, దగ్గరికి పోయే దాకా ఒంటికి తెలియదని చదివేసరికి ఆయన తన చేతిని తిప్పి చూసుకుని, ప్యాంటుకు తుడుచుకున్నాడు.

"ఇంకేం మిగిలిందండీ?"

చెవి. బస్సుల్లో ఈ గ్యాస్‌ని 350 బార్ల ఒత్తిడితో నింపుతారు, కొన్ని కార్లలో 700. మన సీఎన్‌జీ ఆటోలో ఉండేది 200. అంత ఒత్తిడి మీద లీకైతే బుస్సుమని మోత వస్తుంది. దగ్గరికి పోకముందు ఇంజన్ ఆపి, నిలబడి వినమని నా కాగితాల్లో రాసి ఉంది. ఇది చదువుతుండగానే హైవే మీద కంకర టిప్పరు ఒకటి ఎయిర్ హారన్ కొట్టుకుంటూ పోయింది. బాబాయ్ ఏమీ అనలేదు. గేటు వైపు గడ్డం ఎత్తి చూపించి ఊరుకున్నాడు.

ఆయన మొహం నిజంగా మారింది నీళ్ల మాట వచ్చినప్పుడు. హైడ్రోజన్ ట్యాంకుకి వేడికి తెరుచుకునే వాల్వు ఒకటి ఉంటుంది. దాదాపు 110 డిగ్రీలు తగిలితే అందులో బిగించిన భాగం కరిగో పగిలో దారి వదులుతుంది, గ్యాస్ అంతా కొన్ని నిమిషాల్లో బయటికి చిమ్మి ఖాళీ అవుతుంది. ట్యాంకు పగలకుండా కాపాడేది అదే. కంగారులో మనం కొట్టిన నీళ్లు సరిగ్గా ఆ వాల్వు మీద పడి, మంట ట్యాంకు ఇంకోవైపు కాలుస్తుంటే? తెరుచుకోవాల్సింది తెరుచుకోకపోవచ్చు. "నీళ్లు కొట్టొద్దంటే మరి మమ్మల్నెందుకండీ పిలవడం?" అన్నాడు. కోపమే అది, నవ్వుతూ అన్నా. అసలు కొట్టొద్దని కాదు, ఆ వాల్వు నోటిని వదిలేసి చుట్టుపక్కల చల్లబరచమని, గ్యాస్ కట్టేసే దారి లేకపోతే మంటని కాలనివ్వమని చెప్పాను. ఈ రెండోది ఆయనకి తెలుసు. గ్యాస్ కట్టకుండా మంట ఆర్పితే మిగిలిన గ్యాస్ పోగుపడి పేలుతుందని వంటగ్యాస్ నేర్పింది. అంటే పాత విద్య సగం పనికొస్తుంది, సగం తలకిందులవుతుంది. కాలువ వైపు కాదు, ఆకాశం వైపు చూడాలి. హైడ్రోజన్ గాలి కంటే 14 రెట్లు తేలిక. పత్తి చేల మధ్య ఆరుబయట అయితే పైకెగిరి చెదిరిపోతుంది, ఆ లెక్కన వంటగ్యాస్ కంటే నయమే. ఊరి దగ్గర అండర్‌పాస్‌లో అయితే కప్పు కింద చేరుతుంది. గాలిలో నూటికి 4 పాళ్ల నుంచి 75 పాళ్ల దాకా ఎంత కలిసినా అంటుకునే గుణం దానిది. చిన్న నిప్పురవ్వ చాలు.

నేను హైడ్రోజన్‌కి శత్రువును కాను. ఐరోపాలో, జపాన్‌లో, కొరియాలో ఆ బస్సులు ఏళ్ల తరబడి తిరుగుతున్నాయి. 2019 జూన్‌లో నార్వేలో సాండ్వికా దగ్గర ఇంధన కేంద్రం పేలితే, ట్యాంకు మూత బోల్టులు సరిగా బిగించకపోవడమే కారణమని తేల్చారు. తప్పు గ్యాస్‌ది కాదు, రెంచీ పట్టిన చేతిది. నా చిరాకు వేరే చోట ఉంది. జాతీయ గ్రీన్ హైడ్రోజన్ మిషన్‌కు 2023 జనవరి 4న కేంద్ర మంత్రివర్గం 19,744 కోట్ల రూపాయలు ఆమోదించింది. 2025 మార్చిలో 37 బస్సులు, లారీలు, 9 ఇంధన కేంద్రాలతో ప్రయోగాత్మక ప్రాజెక్టులు మంజూరయ్యాయి. ఎంచుకున్న పది దారుల్లో ఒకటి పదహారో నంబరు రహదారి మీద విశాఖపట్నం నుంచి బయ్యవరం దాకా. ఈ స్టేషన్ గేటు ముందు పోయేదీ అదే రోడ్డు, సుమారు 400 కిలోమీటర్లు దిగువన. అటువైపే ఉన్న పూడిమడకలో గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కు 2025 జనవరిలో శంకుస్థాపన జరిగింది. అక్కడి సరుకు రేపు గొట్టాల ట్రైలర్లలో దక్షిణానికి కదిలినా ఇటే రావాలి. బండి ఎలా తయారవ్వాలో, ట్యాంకు ఎన్ని పరీక్షలు తట్టుకోవాలో చెప్పే ఏఐఎస్-157 ప్రమాణం 2020 నుంచే ఉంది. అది బండి కట్టేవాడికి రాసిన కాగితం. హోస్ చివరి బ్రాంచి పట్టుకుని మంట ముందు నిలబడేవాడికి ఎవరు రాశారు? ఈ స్టేషన్లో హైడ్రోజన్ అనే మాట మొదట పలికింది ఒక పత్రికావిలేఖరి కావడం నాకు గొప్పగా ఏమీ అనిపించలేదు.

అక్కడున్న కుర్ర ఫైర్‌మన్ ఒకడు చురుకైనవాడు. తన ఫోనులో ఎంపరివాహన్ యాప్ తెరిచి, గేటు బయట ఆగిన ఆటో నంబరు కొట్టాడు. ఇంధనం గడిలో సీఎన్‌జీ అని వచ్చింది. "ఇదే కంట్రోల్ రూమ్ వాళ్లే చూసి, మేం బయల్దేరేలోపు వైర్‌లెస్‌లో చెబితే చాలు గదా సార్?" అన్నాడు. చాలు. జర్మనీలో జరిగేది అదే: నంబరు ప్లేటు చెబితే ఆ మోడల్ బండిలో ట్యాంకు ఎక్కడ, కోయకూడని నారింజరంగు హైవోల్టేజీ కేబుల్ ఎక్కడ అన్న పటం కంట్రోల్ రూమ్‌కి వస్తుంది. మన దగ్గర వాహన్ రికార్డుల్లో ఇంధనం వివరం ఉండనే ఉంది. కలపాల్సింది రెండు కంప్యూటర్లని.

హైడ్రోజన్‌ని సరుకుగా మోసే లారీకి నయం. మోటారు వాహనాల నిబంధనల ప్రకారం దాని ఒంటి మీద ప్రమాద సూచిక పలక ఉండాలి, దాని మీద 1049 అనే అంకె. దాన్నే ఇంధనంగా కడుపులో పెట్టుకున్న బస్సుకు ఆ పలక ఉండదు. ఒక వజ్రాకారపు గుర్తు ఉంటుంది. ఆ గుర్తు బురద కిందో మసి కిందో పోతే అది మామూలు బస్సే.

కానీ అసలు ముందు చేరేది ఫైరింజను కాదు. 2024 మే నెలలో, పోలింగ్ అయిన మర్నాటి రాత్రి, చినగంజాం వైపు నుంచి హైదరాబాద్ పోతున్న ప్రైవేటు బస్సు చిలకలూరిపేట దగ్గర టిప్పర్‌ని గుద్దుకుని తగలబడింది. ఓటేసి తిరిగి పోతున్న జనం. ఆరుగురు పోయారు. అలాంటి రాత్రి ముందు పరిగెత్తుకొచ్చేది పక్క ఊరివాళ్లు, వెనకాల వచ్చే లారీ డ్రైవర్లు, చేలో మోటారు దగ్గర పడుకున్న రైతు. సాయం చేసినవాణ్ణి కేసులతో వేధించకూడదని 2019 మోటారు వాహనాల సవరణ చట్టం 134ఏ సెక్షన్ రాసింది, మంచిదే. కానీ ఆ రైతు నీళ్ల బిందెతో దేని మీదికి పోతున్నాడో చెప్పే సెక్షన్ ఏదీ లేదు. డీజిల్ బస్సు అయితే వాడికి కళ్లు చెబుతాయి. 2025 అక్టోబరులో కర్నూలు దగ్గర 19 మంది ప్రయాణికులు కాలిపోయిన బస్సులో మొబైల్ ఫోన్ల పార్సిలు ఉందని తర్వాత తెలిసింది. లోపల ఏముందో బయట నిలబడ్డవాడికి తెలియకపోవడం కొత్త జబ్బు కాదు.

ఫైర్ స్టేషన్లలో ఏటా ఏప్రిల్ 14 నుంచి వారం రోజులు అగ్నిమాపక వారోత్సవాలు చేస్తారు. ఎందుకని అడిగితే బాబాయ్ టకామని చెప్పాడు: 1944, బొంబాయి రేవు, ఫోర్ట్ స్టికిన్ ఓడ, 66 మంది ఫైర్ వాళ్లు. ఆ ఓడలో పత్తి బేళ్లూ పేలుడు సామగ్రీ పక్కపక్కనే ఉన్నాయి. నిప్పు పుట్టింది పత్తి దగ్గర. ఆర్పడానికి డెక్కు ఎక్కినవాళ్లు పేలుడులో పోయారు. పత్తి లోలోపల ఎలా కాలుతుందో పొద్దున్నే నాకు వేలు పెట్టి చూపించిన మనిషి ఆ కథ చెబుతుంటే, వారోత్సవాల పోస్టర్ మీద చదివినట్టు అనిపించలేదు.

మంట కనపడకపోతే ఎలా అన్న ప్రశ్న మళ్లీ వచ్చింది. అమెరికాలో వెనకటికి హైడ్రోజన్ వాడేచోట్ల చీపురు ముందుకు చాచి నడిచేవాళ్లని చెప్పాను. పుల్లలు అంటుకున్న చోట మంట ఉన్నట్టు. కుర్రాళ్లు పగలబడి నవ్వారు. బాబాయ్ నవ్వలేదు. షెడ్డు మూల నుంచి కొబ్బరి చీపురు తెచ్చి చేతిలో బరువు చూశాడు. "మా బండిలో పొడిగా ఉండేది ఏదీ లేదండీ, అన్నీ తడే. తడి పుల్ల అంటుకోదు. దీనికో డబ్బా కావాల." వేడిని బొమ్మగా చూపించే కెమెరాలు వచ్చాయిగా బాబాయ్, స్టేషన్‌కొకటి అడుగుదాం అన్నాడు ఫోను కుర్రాడు. "అడుగు. వచ్చిందనుకో, దాన్ని చార్జింగ్ పెట్టే డ్యూటీ ఎవరిదో రోస్టర్లో రాసినాకే సంతకం పెట్టు" అన్నాడాయన.

వెళ్లబోతుంటే స్టేషన్ ఆఫీసర్ గారు ఆ కాగితాలు ఇచ్చి పొమ్మన్నారు. ఇంగ్లీషు కాగితాలు. డ్రిల్లు బోర్డు మీద అతికించడానికి తెలుగులో నాలుగు లైన్లు కావాలన్నారు. వరండాలో కూర్చుని రాయడం మొదలుపెట్టాను. ఇంజన్ ఆపి వినడం మొదటి లైనుగా పెట్టాను. బాబాయ్ ఒప్పుకోలేదు, ఊరోళ్లని ఎనక్కి పంపేదే మొదటి లైను అన్నాడు. సరేనని మార్చి, అమెరికా, కెనడా వాళ్ల అత్యవసర మార్గదర్శి ప్రకారం లీకైన చోటు నుంచి అన్ని వైపులా కనీసం 100 మీటర్లు అని రాశాను.

"వంద మీటర్లంటే చీకట్లో ఎవడికి తెలిసిద్ది సార్? కొట్టేయండి" అన్నాడు. హైవే పక్కన వరసగా నిలబడ్డ కరెంటు స్తంభాల్ని వేలితో లెక్కపెట్టి చూపించాడు. "రెండు స్తంభాల అవతలికి అని రాయండి."